నేను అందించని మాట

ఆ రోజుల్లో న్యూఫౌండ్‌లాండ్‌కి గవర్నరంటే వేసవి గవర్నరే. జూలైలో యుద్ధనౌకలో వచ్చేవారు, అక్టోబరులో చేపల ఓడలకి కాపుగా ఇంగ్లండు వెళ్ళిపోయేవారు. నౌకాదళంలో కమడోర్ హోదా ఉన్న ఆంబ్రోజ్ కెల్విక్ అలా మూడు వేసవులకని నియమితులై వచ్చారు. నేను ఆయన దగ్గర రాతపని చేసేవాణ్ణి. నా పేరు లాంబర్ట్ పైన్.

ఆయన పదమూడో ఏట ఓడెక్కిన మనిషి. రెండు యుద్ధాలు చూశారు. ఎడమ మోచేతిలో ఫ్రెంచివాళ్ళ గుండు తాలూకు ముక్క ఇంకా ఉండేది. చలి ముదిరితే ఆ చెయ్యి పూర్తిగా చాచలేకపోయేవారు. పెద్దగా మాట్లాడేవారు కాదు. నావికుల్ని కొరడాతో కొట్టించడం ఆయనకి ఇష్టముండదని అందరూ చెప్పుకునేవారు. మంచితనం అనుకున్నాను నేను.

మొదటి వేసవిలో మేం సెయింట్ జాన్స్ చేరేసరికి పొగమంచు కమ్మేసింది. ఆ రేవులోకి దారి రెండు కొండల మధ్య ఇరుకు సందు. రెండు రోజులు బయటే తచ్చాడాం. మూడో రోజు పొద్దున ఒక చేపల పడవ మా పక్కకొచ్చింది. అందులోంచి యాభై ఏళ్ళ మనిషొకడు తాడు పట్టుకుని పైకెక్కాడు.

"ఈలై కోమర్ అంటారండీ నన్ను. లాన్స్ కోవ్‌లో ఉంటాను. మీకిష్టమైతే లోపలికి తీసుకెళ్తా," అన్నాడు.

ఓడ ముందు కొసకి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడున్న వాళ్ళెవరికీ ఏమీ కనపడటం లేదు. కాసేపటికి అతని గొంతు వినపడింది. "ముందు రాళ్ళ మీద నురుగుంది. ఎడమకి తిప్పండి." మళ్ళీ అదే మాట, కొంచెం గట్టిగా. చుక్కాని దగ్గరున్నవాడు కమడోర్ గారి వైపు చూశాడు. ఆయన కొయ్యబారిపోయి ఉన్నారు. రంగు పోయిన ముఖంతో, "అతను చెప్పినట్టు చెయ్యి. చెప్పిన వెంటనే చెయ్యి," అన్నారు.

కుడిపక్క నల్లటి బండరాయి ఎంత దగ్గరగా పోయిందంటే దానిమీది నాచు కూడా నాకు కనిపించింది.

లంగరు వేశాక ఈలై సెలవు తీసుకోవడానికొచ్చాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈలై టోపీ తియ్యలేదు.

"ఈసారి విన్నారు దొరా," అన్నాడు. తాడు పట్టుకుని దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నం కమడోర్ గారు నన్ను తన గదికి పిలిచి తలుపు వెయ్యమన్నారు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి మాట ఆరోజు చెప్పారు.

అప్పుడాయన లానరెట్ అనే చిన్న యుద్ధనౌకలో లెఫ్టినెంటు. ఇదే తీరం, ఇదే మంచు. ఆ గంట ఓడ బాధ్యత ఆయనది. ముందు కొసన కాపలా ఉన్న నావికుడు ఈలై ట్రాస్క్ అంతకుముందు ఒకసారి నురుగు నురుగని అరిస్తే, చూస్తే ఏమీ లేదు. "ఇంకోసారి ఊరికే అరిచావంటే వీపు చీలుస్తా," అని తిట్టి, చలికి తట్టుకోలేక ఈయన కిందికి వెళ్ళారు.

"మళ్ళీ అరిచాడు. రెండుసార్లు," అన్నారు కమడోర్ గారు.

"మీకు వినపడలేదేమోనండీ."

"వినపడింది పైన్. గ్లాసులో ఇంకా రెండు గుక్కలున్నాయి. తాగి వెళ్దామనుకున్నాను."

ఓడ బద్దలైంది. పంతొమ్మిది మంది పోయారు. సాయం తెస్తానని చెప్పి ఈయన మొదటి పడవలో ఎక్కారు. విచారణలో, కాపలావాడు అసలు నోరు విప్పలేదని ప్రమాణం చేసి చెప్పారు. కాదనగలిగిన వాళ్ళు నీళ్ళలో ఉన్నారు. బతికి బయటపడ్డ ట్రాస్క్ మాట ఎవరూ నమ్మలేదు. అతన్ని పడవలో నిలబెట్టి, రేవులోని ప్రతి ఓడ పక్కకీ తిప్పి, కొరడాతో కొట్టారు. తర్వాత తరిమేశారు. ఏడాది తిరక్కుండా ఈయనకి పై పదవి వచ్చింది. అక్కణ్ణించి మెట్టు మీద మెట్టు.

"ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ పోయేముందు కూడా చెప్పలేదు," అన్నారు.

నేను జాలిపడ్డాను. ఆ జాలిలో కొంత గర్వం కూడా కలిసింది. ఇంత పెద్దమనిషి తన గుండె నా ముందు విప్పాడు కదా. "చెప్పెయ్యండి. అందరిముందూ చెప్పెయ్యండి. అతని పేరు మీద మచ్చ తుడిచెయ్యండి," అన్నాను.

"ముందు అతన్ని కలువు. ఏం కావాలో అడుగు. నన్ను చూడాలని అతనికి ఉండదు."

మర్నాడు లాన్స్ కోవ్ వెళ్ళాను. ఈలై కర్రల మంచె మీద ఉప్పు చేపల్ని ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు. నేను వచ్చిన పని చెప్తుంటే చెయ్యి ఆపలేదు. అంతా విని, "నాకేం ఒద్దు," అన్నాడు.

"మీ పేరు బాగుచేస్తామంటున్నారు."

"ఏ పేరు? నేను కోమర్ని. ఇక్కడందరికీ కోమర్నే." గుడిసె వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చూడు బాబూ. మా ఇంటావిడ తమ్ముడు గారెట్ ఆ ఓడలోనే పోయాడు. వాడు నాకు దోస్తు. వాడి అక్కకి కబురు చెబ్దామని ఆ తర్వాతేడు ఈ ఊరొచ్చా. వచ్చేసరికి ఆవిడకి కబురు తెలిసిపోయింది. కాపలావాడు నిద్రపోయాడంట, మా తమ్ముణ్ణి చంపేశాడు వెధవ అని ఏడుస్తోంది. నేనే ఆ వెధవనని ఎట్టా చెప్పను? రేపు చెబ్దాం, ఎల్లుండి చెబ్దాం అనుకుంటా పెళ్ళయిపోయింది. పద్దెనిమిదేళ్ళయింది."

"కానీ మీ తప్పు లేదు కదా."

అప్పుడు చెయ్యి ఆపాడు. "రెండుసార్లే అరిచా. మూడోసారి అరవలేదు. వీపు చీలుస్తానన్నాడని భయపడ్డా. అరిచుంటే ఏమయ్యేదో నాకు తెలీదు, నీకూ తెలీదు. మీ దొరకి ఒక్క మాట అందించు. నా పేరు ఎక్కడా ఎత్తొద్దని. నాకు చెయ్యదల్చుకున్న మేలు అదేనని."

అంతలో అతని భార్య హోనోరా రెండు గిన్నెల్లో స్ప్రూస్ చెట్టు చిగుళ్ళతో కాచిన బీరు తెచ్చింది. మంచి పొడగరి, ఐరిష్ మనిషి. నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"గవర్నరు దొర మనిషివంట కదా. ఇట్టా పుల్లలాగున్నావేంటయ్యా? ఓడలో నీ కూడు ఎలకలు తింటున్నాయా?"

"చదువుకున్నోళ్ళు అట్టాగే ఉంటారే," అన్నాడు ఈలై.

"అయితే నువ్వు చదువుకోకపోడమే మంచిదయింది." అతని భుజం మీద ఒక్కటి చరిచి లోపలికి పోయింది. అతను ఆమె వెనకాలే చూస్తూ నవ్వాడు. ఆ నవ్వు నేను చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

తిరిగొచ్చే దారి గంటన్నర నడక. ఆ గంటన్నరలో ఏం చేశానో దాచను. దొర అందరిముందూ చేయబోయే ప్రకటనకి మొదటి వాక్యం కట్టుకుంటూ నడిచాను. "ఇరవై ఒక్క ఏళ్ళుగా ఒక నిర్దోషి నా పాపాన్ని మోస్తున్నాడు" అని. చాలా బాగా కుదిరిందనిపించింది. అలాంటి వాక్యం ఒకసారి చదివితే నన్ను కూడా జనం గుర్తుపెట్టుకుంటారనిపించింది. ఊళ్ళోకి వచ్చేసరికి రెండో వాక్యం, మూడో వాక్యం కూడా తయారయ్యాయి.

"ఏమన్నాడు?" అని అడిగారు కమడోర్ గారు.

"ఏమీ అక్కర్లేదన్నాడండీ."

"ఇంకేమైనా అన్నాడా?"

"లేదండీ," అన్నాను.

చలికాలం ఇంగ్లండులో ఆయన జరిగినదంతా రాసి నౌకాదళంలో పైవాళ్ళకి పంపారు. మూడు నెలలకి జవాబొచ్చింది. ఆ విచారణ ముగిసిపోయిందనీ, మళ్ళీ తెరవడం కుదరదనీ, ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తకపోతే ఆయనకే మంచిదనీ నాలుగు వరుసలు. ఆయన ఆ కాగితం నాకు చూపించి, "సిగ్గుపడటానికి కూడా అనుమతి కావాలి," అన్నారు. అయినా వెనక్కి తగ్గలేదు. రెండో వేసవిలో గవర్నరు ఆజ్ఞలు చదివే రోజున తన ప్రకటన కూడా చదివించాలని నిశ్చయించుకున్నారు.

కోట కింద మైదానంలో జనం బాగా పోగయ్యారు. ముందు వరసలో వర్తకులు, వెనక చేపల పనివాళ్ళు, పక్కన ఆడవాళ్ళు. ఆజ్ఞలు చదవడం నా పని కాబట్టి ప్రకటన కూడా నేనే చదివాను. కమడోర్ గారు టోపీ తీసేసి నా పక్కన నిలబడ్డారు. నేను తయారుచేసుకున్న మొదటి వాక్యం చదవగానే గుసగుసలు ఆగిపోయాయి. లానరెట్ పేరు చదివాను. పంతొమ్మిది మంది సంగతి చదివాను. "ఆ కాపలావాడు ఈలై ట్రాస్క్ నేడు మీ మధ్యనే లాన్స్ కోవ్‌లో ఈలై కోమర్ అన్న పేరుతో జీవిస్తున్నాడు" అన్న చోటికి వచ్చాను. తలెత్తితే ఆడవాళ్ళ మధ్య హోనోరా కనపడింది. ఊళ్ళో ఉప్పు కొనుక్కోవడానికి వచ్చిందట. పక్కనున్నామె ఆమె చెయ్యి పట్టుకుంది. హోనోరా విదిలించుకుంది.

అక్కడ ఆపి ఉండవలసింది. నేను ఆపలేదు. ఇంకా ఒక పేజీ ఉంది. గొంతు తడబడకుండా చివరిదాకా చదివాను.

చదవడం అయ్యాక కాగితం మడిచాను. ముందు వరసలో వర్తకుడొకడు పక్కవాడితో, "దొరకి ఎండ దెబ్బ తగిలినట్టుంది," అన్నాడు. ఇద్దరూ కిసుక్కున నవ్వారు. వెనకనుంచి ఎవరో, "ఏమర్రా, కోమర్ వీపు మీద చారలు చూశారా ఎవరైనా? అందుకేనా వాడు ఎండలో కూడా చొక్కా విప్పడు?" అన్నాడు. మేం మచ్చ తుడుద్దామనుకున్నాం. అంతవరకూ లేనిచోట మచ్చ పెట్టాం.

నాలుగు రోజులకి లాన్స్ కోవ్ నుంచి కబురొచ్చింది. హోనోరా ఈలైని పడవ ఉంచే పాకలో పడుకోమందట. ఇంట్లోకి రానివ్వడం లేదట. కమడోర్ గారు విని, కుర్చీలో కూలబడ్డారు. "ఆమెకి తెలీదా? ఎందుకు తెలీదు?" అన్నారు. నేను బల్ల మీది కాగితాలు సర్దుతూ ఉండిపోయాను. ఆయన అప్పటికప్పుడు బయల్దేరారు. నేనూ వెంట వెళ్ళాను.

హోనోరా గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. ఈలై కాస్త దూరంలో పాక దగ్గర వల బాగుచేసుకుంటున్నాడు. మా వైపు చూడలేదు.

కమడోర్ గారు టోపీ తీశారు. "అమ్మా, నీ మొగుడి తప్పేం లేదు. తప్పంతా నాది. అది చెబ్దామని వచ్చాను."

"అది మొన్న చదివించారుగా. విన్నాను," అంది. "పంతొమ్మిదేళ్ళు దొరా. మా గారెట్ పుట్టినరోజు వచ్చినప్పుడల్లా ఆ కాపలావాణ్ణి శపించా. పురుగులు పడి చస్తాడని, దిక్కులేని చావు చస్తాడని. నా ఎదురుగా కూచుని, నేను పెట్టిన కూడు తింటా, విన్నాడు ఈయన. ఒక్కసారైనా ఊరుకోవే అనలేదు. ఇప్పుడు ఆయన ముఖం ఎట్టా చూడను? నా నోటికి ఏం శిక్ష వేసుకోను?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె ఈలై మీద కోపంతో బయటికి పంపిందనుకున్నాం. ఆమె తన్ను తాను చూసుకోలేక పంపింది.

"ఒక్కటి చెప్పండి," అంది. "మా వాడు నీళ్ళలో ఎంతసేపున్నాడు?"

"తెలీదమ్మా," అన్నారు కమడోర్ గారు. "నేను మొదటి పడవలో ఉన్నాను."

ఆమె తలాడించింది. తలుపు మెల్లగా వేసుకుంది. విసిరి కొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

తిరిగి వస్తుంటే కొండ మలుపు దగ్గర ఆయన ఒక రాయి మీద కూర్చున్నారు. ఇక దాచలేకపోయాను. కిందటేడు ఈలై నాతో అన్న ప్రతి మాటా చెప్పాను. పేరెత్తొద్దన్నాడనీ, భార్యకి తెలీదన్నాడనీ. ఎందుకు అందించలేదో కూడా చెప్పాను. ఆయన నన్ను తిడతారని ఎదురుచూశాను. ఆయన చెయ్యి నొక్కుకుంటూ సముద్రం వైపు చూశారు.

"నీ వయసెంత పైన్?"

"ఇరవై నాలుగండీ."

"లానరెట్‌లో నాకూ అంతే," అన్నారు. రాయి మీంచి లేచి నడక మొదలుపెట్టారు.

మూడో వేసవికి ఆయన రాలేదు. పైవాళ్ళు వేరే గవర్నరుని పంపారు. మా కమడోర్‌కి తర్వాత ఏ ఓడా ఇవ్వలేదు. డెవన్‌లో చెల్లెలింట్లో ఆరేళ్ళు ఉండి, చనిపోయారని విన్నాను. నేను ఆయనతో వెళ్ళలేదు. సెయింట్ జాన్స్‌లోనే న్యాయస్థానంలో గుమాస్తాగా ఉండిపోయాను. ఉండిపోవడానికి కారణం అడిగినవాళ్ళకి జీతం బాగుందని చెప్పేవాణ్ణి.

హోనోరా ఆ చలికాలం ఫెరీలాండ్‌లో అక్క దగ్గర గడిపింది. వసంతంలో మంచు కరిగి చేప తీరం దగ్గరికి రాగానే ఎవరూ పిలవకుండా వచ్చేసింది. చేప కొయ్యడానికి రెండో మనిషి లేకపోతే ఈలై పని నడవదు, అందుకే వచ్చానని అందరికీ చెప్పిందట. ఈలై మాత్రం మళ్ళీ ఏ ఓడకీ దారి చూపలేదు. ఎంత మంచున్నా, ఎంతమంది పిలిచినా, ఓడ ముందు కొసన నిలబడనన్నాడు.

మూడేళ్ళ దాకా వాళ్ళకి ఎదురుపడటానికి నాకు ముఖం చెల్లలేదు. నాలుగో ఏడు ఆగస్టులో ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి వెళ్ళాను. మబ్బు పట్టింది. ఈలై ఒక్కడే మంచె మీద ఆరిన చేపల్ని కుప్ప పోస్తున్నాడు.

"ఈలై గారూ, ఆరోజు మీరు చెప్పిన మాట నేను దొరకి అందించలేదు," అన్నాను. "కావాలనే అందించలేదు."

"తెలుసు," అన్నాడు. "అందితే ఆయన చదివించేవాడు కాదు. ఆరోజు గుమ్మంలో హోనోరా అడిగిందానికి ఒక్క ముక్క అబద్ధం ఆడకుండా చెప్పాడు. అలాంటోడు నా మాట తోసెయ్యడు."

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. తొలి చినుకులు పడ్డాయి. అతను తెరచాప గుడ్డ ఒకటి లాగి ఒక కొస నా వైపు విసిరాడు.

"మాటలు తర్వాత. ముందు అది పట్టుకో. చేప తడిస్తే హోనోరా మనిద్దర్నీ చంపుద్ది."

పట్టుకున్నాను. వాన తగ్గేదాకా ఆ గుడ్డ ఇద్దరం చెరో కొసనా పట్టుకుని నిలబడ్డాం. అతను నన్ను పొమ్మని అనలేదు.