మావయ్య చూపు

హంతకుడు ఎంత కళ్లు ఉరిమినా భయం వేయడం లేదు. అదే పావని సమస్య.

రాజమండ్రిలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే గది అది. పావని తీసిన పది నిమిషాల థ్రిల్లర్ మర్నాడే కాలేజీ ఫెస్టులో వేయాలి. హంతకుడి వేషం వేసిన శరత్‌చంద్ర ఆమె క్లాస్‌మేటు.

"ఈయనేంటండీ, కాఫీలో పంచదార తక్కువైనట్టు చూస్తున్నాడు," అన్నాడు మిక్సింగ్ చేసే చిట్టియ్య. "పోనీ, గులాబీ రేకులు రాలే ఎఫెక్ట్ పెట్టేద్దామాండి?"

"హత్య మీదా?"

"పెళ్లికీ అదే పెడతానండి. ఇప్పటిదాకా ఎవరూ ఏమనలేదు."

పావని నవ్వుతూనే టేపు ముందుకు నడిపించి, ఒకచోట ఆగిపోయింది. షూటింగ్ కడియంలో, ఆమె మేనమామ దొరబాబు నర్సరీలో జరిగింది. కెమెరా ఆపడం మరిచిపోయినప్పుడు పడిన ముక్క అది. గులాబీ మొక్కల వెనక నిలబడి దొరబాబు రెప్ప వేయకుండా ఎటో చూస్తున్నాడు.

"ఆ ముక్క కోసి ఇక్కడ పెట్టండి."

ఒంటరిగా జడ అల్లుకుంటున్న హీరోయిన్ శ్రీసుధ. దొరబాబు చూపు. శ్రీసుధ మెడ. మళ్లీ దొరబాబు చూపు. కింద సన్నగా వయొలిన్.

"అమ్మ బాబోయ్!" చిట్టియ్య కుర్చీలో వెనక్కి జరిగాడు. "శరత్ గారిని తీసేయండి. హంతకుడు ఈయనే!"

మావయ్యని ఒకమాట అడగాలనిపించింది పావనికి. చూసి నవ్వుకుంటాడులే అని సర్దిచెప్పుకుంది. శరత్‌చంద్ర ముక్కలన్నీ తీయించేసింది.

సాయంత్రం దొరబాబే వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో తాపేశ్వరం కాజాల పొట్లం.

"మన తోట ఎలా పడిందమ్మాయ్?"

పావని నోరు విప్పేలోపే చిట్టియ్య ప్లే నొక్కాడు. "ఆయ్, రండి రండి! ఇందులో అదరగొట్టేసింది మీరేనండి!"

మొక్కలు కనబడగానే దొరబాబు మురిసిపోయాడు. తర్వాత తన మొహం వచ్చింది. మళ్లీ వచ్చింది. ఉదయం అంత బాగున్న వయొలిన్ ఇప్పుడు పావని చెవుల్లో గుచ్చుకుంది. తల వంచుకుంది.

బొమ్మ ఆగింది. దొరబాబు కాజాల పొట్లం నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"తోటలో అంతమంది ఆడోళ్లు పనిచేస్తారు. రోజూ వాళ్లకేసి ఇలాగే చూస్తున్నానేంటమ్మా?"

"అయ్యో, కాదు మావయ్యా! అది కోసి అతికించింది. ఉత్తి మాయ."

"కళ్లు నావేగా." ఆయన గొంతు తగ్గింది. "మొన్న నేను దగ్గరికి వెళ్లగానే, తోటలో పనిచేసే ఏసమ్మ కొంగు సర్దుకుంది. ఎండకేమో అనుకున్నాను."

పావనికి చెంపలు మండిపోయాయి. "చిట్టియ్య గారూ, అసలు టేపు వేయండి. ఏమీ కోయకుండా మొత్తం వేయండి!"

వేశాడు. దొరబాబు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. కెమెరా ఊగి పక్కకు తిరిగింది. శ్రీసుధ చెప్పుల కింద పడబోతున్న కొత్త మల్లె అంట్లు కనిపించాయి. ఆయన చూస్తున్నది వాటిని. చాలాసేపు మొహమాటపడ్డాక, చివరికి ఆయన గొంతు వినిపించింది: "అమ్మా, అంట్లండి... కాస్త పక్కనుంచి..."

"చూశావా మావయ్యా?"

దొరబాబు ఆమెకేసి తిరగబోయి, కళ్లు దించేసుకున్నాడు.

"ఇది కూడా మీరే కలిపారా అమ్మా?"

తలెత్తకుండానే గది దాటి వెళ్లిపోయాడు.

"ఆయన బొమ్మ తీసేయడం క్షణం పనండి," అన్నాడు చిట్టియ్య చిన్నగా. "శరత్ గారిని మళ్లీ పెట్టేద్దాం."

"తీసేయండి," అంటూనే ఆమె బయటికి పరుగెత్తింది.

దొరబాబు మెట్ల మధ్యలో ఉన్నాడు. ఎవరో పెళ్లివారి అమ్మాయిలు నవ్వుకుంటూ పైకి వస్తున్నారు. ఆయన గోడవైపు తిరిగి, వాళ్లు దాటిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

పావని పై మెట్టు మీద ఆగిపోయింది. పిలవాలని ఉంది. పిలిస్తే ఆయన తలెత్తి చూడాలి.