గచ్చుకో పుట్టుమచ్చ

నాలుగో రోజు పొద్దున గచ్చాయన మోకాళ్ళ కింద గోనెపట్టా మడిచి వేసుకుని, గది మూలనుంచి వెనక్కి వెనక్కి జరుగుతూ నేల తుడుస్తున్నాడు. రాయి పట్టి రుద్దినప్పుడు దిగిన బురద పల్చటి పాలలా నేలంతా పరుచుకుని ఉంది. తడిగుడ్డ ఒక్క లాగు లాగితే దాని వెనకే నల్లవి, ఎర్రవి, తేనెరంగువి రాతిముక్కలు నిద్రలేచిన పిల్లల కళ్ళలా తెరుచుకుంటున్నాయి. తడి ఆరగానే మళ్ళీ మూసుకుంటున్నాయి. తడిలో ఉన్న కళ ఆరాక కూడా నిలవాలంటే పైన మెరుగుపొడి పడాలి. రాయి పని అయిపోయింది. ఇక మిగిలింది అదొక్కటే.

మొజాయిక్ గచ్చులు పోయడం, వాటికి మెరుగు పెట్టడం ఆయన పని. అసలు పేరు ఆయనకే ఎప్పుడో గాని గుర్తురాదు. యాభై ఏళ్ళు రాయి పట్టిన చేతులు. వేళ్ళ కొసలు గులకరాళ్ళలా నున్నగా తేలిపోయాయి. ఆమధ్య ఏదో ఆఫీసులో వేలిముద్ర అడిగితే మిషను ఎన్నిసార్లు పెట్టినా ఎర్రలైటే వేసింది. "నువ్వు లేవంటోంది పెద్దాయనా" అన్నాడు గుమాస్తా. "నాకూ అప్పుడప్పుడూ ఆ అనుమానం వస్తుంటుందిలే బాబూ" అని లేచి వచ్చేశాడు.

ఈ గది కుట్టుపనమ్మది. వాళ్ళమ్మ హయాంలో, ఆమె రెండు జడల పిల్లగా ఉన్నప్పుడు, ఈ గచ్చు పోసింది గచ్చాయనే. ఆ చనువుతోనే ఆమె ఇప్పటికీ బాబాయ్ అని పిలుస్తుంది. ఊళ్ళో ఆయన పోసిన గచ్చులన్నీ ఒక్కొక్కటే టైల్సు కిందికి వెళ్ళిపోయాయి. పైకి మిగిలింది ఇదొక్కటే. దీనికీ గడువు దగ్గరపడింది. నిరుడు ఆమె కోడలు, మరక పోవడం లేదని, బాత్‌రూములు కడిగే యాసిడ్ సీసా తెచ్చి గుమ్మరించింది. గచ్చు బుసబుసా పొంగి, ఆరాక సున్నం కొట్టినట్టు పాలిపోయింది. ఆ పాలిపోయిన నేల మీద సూది పడితే కనపడదు. రెండు వారాల కిందట మనవరాలి పాదంలో సూది దిగింది. అంతే, టైల్సు వాళ్ళకు కబురు వెళ్ళింది.

ఆ మాట చెవిన పడగానే గచ్చాయన రాళ్ళ సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నాలుగు రోజులియ్యమ్మాయ్. నాలుగో రోజు పొద్దుగూకేలోపు సూది పడేసి చూడు. ఒకటి పడేస్తే రెండు కనపడాలి. కనపడకపోతే నువ్వు ఏం పరుచుకున్నా నేను నోరెత్తను."

సూది పరీక్ష ఆయనకు పని నేర్పిన మేస్త్రీ పెట్టింది. గచ్చు అద్దంలా తేలితే సూదీ, దాని నీడా, రెండూ పక్కపక్కనే పడుకుంటాయి.

"అయిదో రోజు పొద్దున్నే వాళ్ళొస్తారు బాబాయ్. నాకైతే నమ్మకం లేదు. నీ ముచ్చట ఎందుకు కాదనాలి" అందామె.

ముచ్చట అని ఆమె అనుకుంది. ఆయన లెక్క వేరు. ఆయనదంతా ఇద్దరి పని. ఆయన మట్టం చూసి గార పరిచేవాడు. దాని మీద రాతిముక్కలు చల్లేది ఆయన ఇల్లాలు. గంప నడుముకు ఆనించుకుని, విత్తనాలు చల్లినట్టు, పిడికిలి తిప్పి విసిరేది. ఆ విసురు ఎడమకు కాస్త వంగి పడేది. ఎన్ని గచ్చులున్నా ఆమె చల్లినదేదో ఆయన నడుస్తూనే చెప్పగలడు. కాపురానికి వచ్చిన మొదటిరోజు ఆమె చేతిలోంచి నీలం సాసరొకటి జారి పగిలింది. ఆ పెంకులు పారేయకుండా మూటకట్టి ఉంచుకుంది. పోసిన ప్రతి గచ్చులోనూ, ఆయన చూడకుండా, ఒక్క నీలం ముక్క వేసేది.

"గచ్చు చెడగొడుతున్నావే" అని కసిరేవాడు.

"ఒంటికి పుట్టుమచ్చ ఉండదూ? ఇంటికీ ఒకటి ఉండనీ."

"ఎక్కడేశావు?"

"వెతుక్కో."

ఆమె పోయి మూడేళ్ళు. ఫొటో అంటూ ఒక్కటి లేదు. ఈ గదిలో ఆ ముక్క ఎక్కడుందో ఆయనకు తెలియదు. నాలుగు రోజులుగా రుద్దుతున్నా కళ్ళబడలేదు. యాసిడ్ తెచ్చిన తెల్లపొర కింద ఎక్కడో కళ్ళు మూసుకుని ఉంది.

గుడ్డ పిండి ఆరేసి, సంచీలోంచి రేకు డబ్బా తీశాడు. మూత తిప్పితే వచ్చింది గాని లోపల పొడి లేదు. అడుగు తుప్పుపట్టి చిల్లుపడింది. ఎన్ని వానాకాలాల కిందట కారిపోయిందో ఏమో, సంచీ కుట్ల మధ్య తెల్లటి చార మాత్రం ఉంది. చిల్లులోంచి చూస్తే వీధి రూపాయంత వెలుగులో కనపడింది. గచ్చాయన కాసేపు అలాగే చూశాడు. తర్వాత చొక్కా తగిలించుకున్నాడు.

"పొడి తెచ్చుకుంటానమ్మాయ్. గదిలోకి ఎవర్నీ రానివ్వకు."

బజారు మొదట్లో పెద్ద సూపర్‌మార్కెట్టు ఉంది. ఒకప్పుడది ప్రయాణికులు కూర్చునే హాలు. దాని గచ్చు కూడా ఆలుమగలిద్దరూ పోసిందే. ఇప్పుడు పైన తెల్లటి పలకలు. వాటి మీద నడుస్తుంటే గచ్చాయనకు గడ్డకట్టిన చెరువు మీద నడుస్తున్నట్టుంది. కాళ్ళ కింద ఎక్కడో లోతున ఒక నీలం చుక్క పడుకుని ఉంది. లేపకూడదన్నట్టు అడుగులు తేలిగ్గా వేశాడు. కడుగుడు సామాను వరస పొడుగునా రంగురంగుల సీసాలు. ఒక దాని మీద నిమ్మకాయ బొమ్మ, ఒక దాని మీద సముద్రం, ఇంకో దాని మీద నవ్వుతున్న తల్లీ కూతురూ.

"ఘాటు సరుకేదమ్మా?" అని నీలం కోటు వేసుకున్న అమ్మాయిని అడిగాడు.

"ఇదుగోండి తాతగారూ, లావెండర్. ఇది మల్లె."

"తలలో పెట్టుకోడానిక్కాదు తల్లీ, నేలకు. ఆగ్జాలిక్ పొడి. తెల్లగా, పంచదారలా ఉంటుంది."

ఆ అమ్మాయి పేరును రెండుసార్లు నోట్లో తిప్పుకుని, "పంచదార నాలుగో వరసండీ" అంది.

అక్కణ్ణించి రంగుల కొట్టుకు వెళ్ళాడు. కొట్టు యజమాని తండ్రి ఉన్నప్పుడు వెనక గదిలో పీపాలు ఉండేవి. గుమ్మం దాటగానే టర్పెంటైనూ, లక్కా, వార్నిషూ కలిసిన గాలి ముఖాన కొట్టేది. గచ్చాయన ఆ గాలి కోసమే ముక్కు ఎగబీల్చాడు. ఏమీ తగల్లేదు. పీపాల గదిలో ఇప్పుడు గాజుదీపాలు వేలాడుతున్నాయి. మిట్టమధ్యాహ్నం అన్నీ వెలుగుతూ, నీళ్ళలో నక్షత్రాల్లా ఉన్నాయి.

"ఘాటువి అమ్మడం మానేశాం పెద్దాయనా. కాగితాలు, సంతకాలు, ఎవడు పడతాడు ఆ బాధ?" అన్నాడు యజమాని. బల్ల కిందనుంచి ఒక సీసా తీసి పైన పెట్టాడు. "ఇది తీసుకెళ్ళండి. బాత్‌రూముది. యాసిడ్ యాసిడే కదా."

"ఆవు పాలూ తెలుపే, జిల్లేడు పాలూ తెలుపే" అన్నాడు గచ్చాయన. "ఇది కొరికేది. నాక్కావలసింది నిమిరేది."

యజమాని నవ్వాడు. కానీ ఆ సీసాను ఎందుకో కొంచెం అవతలికి జరిపాడు.

మందుల షాపులోనూ అడిగాడు. తెల్లకోటు ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, "ఎవరికి?" అన్నాడు.

"గచ్చుకండీ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నిరుడు కోడలు పిల్ల యాసిడ్ పోసినప్పట్నుంచి."

"ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా ఇన్నాళ్ళేం చేశారయ్యా?"

గచ్చు అంటే ఎవరి పేరో కాదని తేలేసరికి వెనక వరసలో వాళ్ళు కూడా నవ్వారు. గచ్చాయనకూ నవ్వొచ్చింది. బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతోంది. రాయి పట్టేది కుడిచేత్తో కదా, ఎడమదానికేం వచ్చిందని దాన్నే అడిగాడు. నీడ కాళ్ళ దగ్గరనుంచి కాస్త ముందుకు జరిగింది. వెతికి వెతికి చెప్పులరగడమే గాని పని కావడం లేదు. వీధి చివర దండేనికి ఆరేసిన తెల్ల దుప్పట్లు గాలికి పొంగుతుంటే, ఊరు ఎటో బయల్దేరబోతున్న పడవలా కనపడింది. ఆ దుప్పట్లను చూస్తూ చూస్తూ చప్పున లేచాడు. తెల్లబట్టలు. తుప్పుమరకలు. ఆ పొడి ఇంకెవరికి కావాలి?

లాండ్రీ ఆయన ఆవిర్ల మధ్య నిలబడి ఇస్త్రీ చేస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. బావా అంటే బావా అనుకోవడమే గాని చుట్టరికం లేదు.

"ఏం బావా, ఇన్నాళ్ళకు చొక్కా ఇస్త్రీకి తెచ్చావా?"

"చొక్కాకేం తొందర. గచ్చుకు కావాలి. తుప్పుమరకలకు వేస్తావు చూడు, ఆ పొడి."

"నా తలకాయ. ఊరంతా తిరిగి ఆఖరికి నా దగ్గరికొచ్చావన్నమాట."

"ఆఖరికి వచ్చేవాడే సొంతమనిషి."

లాండ్రీ ఆయన ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టాడు. పై అటక మీద, ఎవరికీ అందకుండా, గాజుసీసా ఉంది. మూత చుట్టూ గుడ్డ చుట్టి తాడు కట్టి ఉంది. మీద పుర్రె బొమ్మ చేత్తో వేసి ఉంది. పుర్రెకు మీసాలు కూడా ఉన్నాయి.

"నీ బొమ్మేనా?" అన్నాడు గచ్చాయన.

"మా ఆవిడ వేసింది, నన్ను చూసి." సగం పొడి వేరే సీసాలోకి వంపి, మూత బిగించాడు. "చేతులకు తొడుగు వేసుకో. చెయ్యి నోటిదాకా రానివ్వకు. అయినా నీకు చెప్పేదేముందిలే." తర్వాత ముఖంలోకి చూశాడు. "మనిషివి తెల్లబడ్డావేంటి బావా? కాసేపు కూచో."

"నేను కూచున్నా పొద్దు కూచోదుగా" అన్నాడు గచ్చాయన.

తిరిగి వచ్చేసరికి ఎండ కిటికీ గూట్లోంచి దిగి నేల అంచుకు వచ్చింది. కోడలు బకెట్టుతో నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, కదలకుండా నిలబడింది.

"ఘాటుగా ఉంటే బాగా పోతుందనుకున్నా తాతయ్యా."

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. నువ్వు పోశావు, నేను రుద్దుతున్నాను. గచ్చు ఏమీ అనుకోదు."

బకెట్టు లోపలికి జరుపుకుని తొడుగులు వేసుకున్నాడు. తడినేల మీద పొడి చిటికెడు చిటికెడుగా చల్లాడు. తెలియకుండానే పిడికిలి ఎడమకు వంగింది. గోనెగుడ్డ ఉండతో గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. గుడ్డ కింద మొదట గరగర, తర్వాత గుసగుస, తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేకపోవడం కోసమే యాభై ఏళ్ళూ చెవి ఒగ్గి పని చేశాడు. నేల కొంచెం కొంచెంగా లోతెక్కింది. కిటికీ దాని లోపలికి దిగింది. కిటికీలోని ఆకాశమూ దిగింది. రాతిముక్కలు వంపు తిరిగిన వరసల్లో, ఎవరో ఇప్పుడే నడుస్తూ చల్లి వెళ్ళినట్టు, గుమ్మం నుంచి గోడ దాకా వెళ్ళాయి. ఆయన ఆ వరస వెంబడే మోకాళ్ళ మీద వెళ్ళాడు. ఆమె ముందు నడుస్తోంది. గంప నడుముకు ఆనించుకుంది. వెనక్కి తిరగడం లేదు.

రెండుసార్లు మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో ఒత్తాడు. తొడుగులు తీసి చేతులు కడుక్కున్నాడు. గుమ్మం వైపు చూసి, "అమ్మాయ్, ఒక సూది విసురు" అన్నాడు.

కుట్టుపనమ్మ కుడుతున్న చొక్కా కాలరుకు గుచ్చి ఉన్న సూది తీసి గది మధ్యకు విసిరింది. అది రెండుసార్లు టిక్కుమని ఎక్కడో ఆగింది.

"ఇప్పుడే చూడొద్దు. తడి మీద అబద్ధం చెబుతుంది. పూర్తిగా ఆరనీ. ఆరేదాకా ఎవరూ తొక్కొద్దు."

"మరి నువ్వెలా వస్తావు ఇవతలికి?"

నిజమే. రుద్దుకుంటూ రుద్దుకుంటూ అవతలి గోడ దాకా వచ్చేశాడు. యాభై ఏళ్ళలో ఎన్నడూ చేయని పని. గచ్చుపనివాడు ఎప్పుడూ గుమ్మం వైపుకు జరుగుతూ రావాలి. పని నేర్చుకునేవాళ్ళు మొదటిరోజు చేసే తప్పది.

"చూశావా, మేస్త్రీ ఉంటే వీపు మీద ఒకటిచ్చేవాడు" అని నవ్వాడు. "ఇక్కడే కూచుంటాలే. ఓ అరగంట."

"టీ పెట్టి తెస్తా. ఆరాక తాగుదువు గాని."

గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకున్నాడు. ఎండ నేల మీద పడుకుని ఆయన వైపుకు పాకుతూ వచ్చింది. అది చేతి దాకా వచ్చినప్పుడు, అరచేతికి బెత్తెడు దూరంలో, నీలంగా ఏదో మెరిసింది. గచ్చాయన తల వంచి చూశాడు. గోరంత ముక్క. దాని మీద బంగారు గీత ఇంకా చెరిగిపోలేదు.

"ఇక్కడేశావన్నమాట" అన్నాడు.

కుట్టుపనమ్మ టీ గ్లాసు తెచ్చి గుమ్మంలో ఆగింది. ఆయన తల పక్కకు వాలి ఉంది. నాలుగు రోజుల పని, నిద్రపట్టింది అనుకుంది. నేల ఇంకా తడిగానే ఉంది. తొక్కొద్దన్నాడు కదా, తొక్కలేదు. గడప మీద కూర్చుని, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, గచ్చు ఆరడం చూస్తూ ఉంది. గోడ మీది నుంచి వెలుగు సన్నగా వెనక్కి తగ్గుతోంది. మనవరాలు వచ్చి ఒళ్ళో దూరితే, "ష్, తాత పడుకున్నాడు" అంది. టీ మీద మీగడ కట్టింది.

నేల ఆరింది. కానీ కళ పోలేదు. ఆమె చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టింది. కింద ఇంకొక ఆమె, అరికాళ్ళకు అరికాళ్ళు ఆనించి, కూడా నడిచింది. గది మధ్యలో రెండు సూదులు, ఒకదాన్నొకటి ఆనుకుని పక్కపక్కనే ఉన్నాయి.

"రెండున్నాయి బాబాయ్" అని చెప్పింది.

ఆయన చూపుడువేలు నీలం చుక్క మీద ఉంది. పిలిచినా వేలు తీయలేదు.

మర్నాడు పొద్దున్నే టైల్సు బండి వచ్చి గేటు దగ్గర ఆగింది. కుట్టుపనమ్మ లోపలనుంచే చెయ్యి ఊపి వెనక్కి వెళ్ళిపొమ్మంది. అప్పటికి గదిలోంచి అన్నీ తీసేశారు. గోనెపట్టా, బకెట్టు, రాళ్ళ సంచీ. కిటికీ గూట్లో మాత్రం ఆయన రుద్దుడు రాయి ఒకటి ఉండిపోయింది. అరిగి అరిగి సబ్బుముక్కంత అయింది. అది ఒక పక్క నాలుగు వేళ్ళకూ నాలుగు పల్లాలు, ఇంకో పక్క బొటనవేలికి ఒకటి పడి, ఎవరో ఇప్పుడే వచ్చి పట్టుకుంటారన్నట్టు ఉంది.