కెల్డీ ఏట్లో ఆడమ్ మాటలు

పొద్దున్నే టీ అయ్యాక నాన్ లెయిడ్లా వంటింటి కిటికీ దగ్గర కూర్చుని చేపల్ని మోసగించే గాలపు ఈగలు కట్టేది. చిన్న ఉక్కు కొక్కెం, దాని మీద మైనం రాసిన పసుపుపచ్చ పట్టుదారం, చిటికెడు కుందేలు చెవి వెంట్రుకలు, మెడ దగ్గర కౌజుపిట్ట ఈక రెండే రెండు చుట్లు. మూడో చుట్టు వేస్తే అది ఈగ కాదు, చీపురు అనేవాడు ఆమె మొగుడు ఆడమ్. ఇరవై ఎనిమిదేళ్లు ఆమె కడుతూ వచ్చింది, అతను వాటిని ఏట్లో విసురుతూ వచ్చాడు. ఆమె మాత్రం ఒక్కనాడూ గాలం పట్టలేదు. "ముక్కు కారుకుంటూ మొలలోతు నీళ్లలో నిలబడ్డానికి నాకేం ఖర్మ" అనేది.

ఆడమ్ కెల్డీ ఏటికి కాపలాదారు. ట్రౌట్ చేపలు పట్టడం నేర్చుకోవాలని వచ్చేవాళ్లకి గురువు కూడా. స్కాట్లాండ్ దక్షిణపు కొండల్లో ఎవరు గాలం పట్టినా అతని పేరు ఒకసారి తలుచుకునే నీళ్లలో దిగేవారు. ఇంట్లో ఆ మనిషి మాట్లాడేది తక్కువ. ఏటి ఒడ్డున మాత్రం నోరు మూతపడేది కాదు. శిష్యులతో, గాలితో, చేపలతో, ఎవరూ లేకపోతే తనతో తనే మాట్లాడుకునేవాడు.

ఏప్రిల్లో పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ నెల తిరక్కుండా స్వాధీనంలోకి వచ్చాయి. మాట రాలేదు. "ఊఁ" ఒక్కటే మిగిలింది.

"ఆర్నెల్లలోపు కాస్త కదలిక రావాలి నాన్ గారూ, ఆ తర్వాత కష్టం" అంది ఆస్పత్రిలో మాటలు నేర్పే అమ్మాయి, బొమ్మల అట్టలు చేతిలో పెడుతూ. కుక్క బొమ్మ, కుర్చీ బొమ్మ, రొట్టె బొమ్మ. ఆడమ్ నాలుగు నెలలు వాటి ముందు కూర్చున్నాడు. ఆగస్టు చివర్లో ఒకరోజు వాటిని పేర్చి, పొయ్యిలో పెట్టాడు. అప్పట్నుంచి ఎవరు పలకరించడానికి వచ్చినా వెళ్లి గొర్రెల కొట్టంలో కూర్చునేవాడు.

కెల్డీ ఒడ్డున మాట్లాడిన మాట నీళ్ల మీద పడుతుంది. ట్రౌట్ దాన్ని ఈగని మింగినట్టే మింగుతుంది. ఆ చేపని పట్టి, తడి చేత్తో నీళ్లలోనే ఉంచి, కొక్కెం తీసేటప్పుడు అది నోరు తెరిచి ఆ మాట తిరిగి చెప్పేస్తుంది, అన్నవాళ్ల గొంతుతోనే. ఒక్కసారే చెబుతుంది. అందుకే ఆ ఊళ్లో పెళ్లి మాటలు గానీ గొర్రెల బేరాలు గానీ ఏటి దగ్గర పెట్టుకోరు. పట్టిన చేప పరాయివాళ్ల మాట చెబితే అక్కడే మర్చిపోవడం మర్యాద.

సెప్టెంబరు రెండో వారంలో ఆడమ్ స్నేహితుడు వాట్ ఎలియట్ బంగాళాదుంపల బస్తా దింపడానికి వచ్చాడు. ఆడమ్ కొట్టంలోకి వెళ్లిపోయాడు.

"ఆదివారం ఒక చేప పడింది వదినా" అన్నాడు వాట్ టోపీ తిప్పుకుంటూ. "ఏమందో తెలుసా? 'ఒరే వాట్, అది విసరడం కాదురా, దోమల్ని తోలుకోవడం' అంది. అచ్చం వీడి గొంతే. అక్కడే కూలబడ్డాను."

నాన్ చేతిలో దారం ఆగింది. "ఆయన వినాల్సిన మాట అది. తన గొంతు తను వింటే మాట కదులుతుందేమో."

"వీడేమో కొట్టం వదలడు కదా."

"ఇంకా ఎన్నాళ్లు పట్టనిస్తారు?"

"అక్టోబరు ఆరు దాకా. ఆ తర్వాత గుడ్లు పెట్టే రోజులు. వీడి మాటలు మింగినవన్నీ ముసలి చేపలు వదినా. సగం ఈ చలికాలం దాటవు."

"అయితే నువ్వు పట్టు, నేను ఆయన్ని తీసుకొస్తాను."

"నాకు చేపకీ చేపకీ మధ్య పదిహేను రోజులు పడుతుంది. వీడు ఊరికే అన్నాడా దోమలని?"

నాన్ లేచి, తలుపు వెనక నుంచి ఆడమ్ గాలం కర్ర తీసింది. వాట్ నవ్వబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు.

ఆడమ్‌ని కొట్టంలోంచి రప్పించడానికి ఆమె ఏమీ బతిమాలలేదు. అతని రబ్బరు బూట్లు, రెండు సైజులు పెద్దవి, తొడుక్కుని అతని ముందు నుంచే ఏటివైపు నడిచింది. కర్ర తలకిందులుగా పట్టుకుంది. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది.

మొదటి వారం ఆమె ఈగలు ఎక్కువగా ముళ్ల పొదలకే చిక్కాయి. కొండ మీద ఫెర్న్ పొదల ఆకులు ఇటుక రంగుకి తిరిగాయి, గాలికి రాలిన ఆకులు నీళ్లలో కొట్టుకొచ్చి ప్రతి విసురుకీ ఒకటి తగులుకునేది. ఆడమ్ ఆమె వెనక మోకాలి లోతు నీళ్లలో నిలబడేవాడు. ఆమె తొందరపడితే మోచేతి మీద రెండు వేళ్లు వేసేవాడు, దారం వెనక్కి పూర్తిగా సాగే దాకా తీసేవాడు కాదు. తీశాక మాత్రం దారం దానంతటదే ముందుకి వెళ్లి, ఊదిన దూదిలా నీటి మీద వాలేది. అంత గొప్ప పాఠం అతను మాట ఉన్నప్పుడు కూడా ఎవరికీ చెప్పి ఉండడు. ఆమె కూడా సామాన్యురాలు కాదు. పగలంతా తను పనిచేసే బడి వంటగదిలో నిలబడి, మూడింటికి ఏట్లో దిగి, వెలుగు పోయే దాకా బయటికి వచ్చేది కాదు. ముక్కు నిజంగానే కారేది.

తొమ్మిదో రోజున మొదటి ట్రౌట్ పడింది. అరచెయ్యంత ఉంది, ఎర్ర చుక్కలతో. నీళ్లలో పట్టుకుని కొక్కెం తీస్తే పాస్టరు గారి గొంతుతో ఒక పచ్చి బూతు తిట్టి పారిపోయింది. ఆడమ్ ఒడ్డున కూర్చుని కళ్లనీళ్లు వచ్చే దాకా నవ్వాడు. ఏప్రిల్ తర్వాత అదే నవ్వడం.

తర్వాతి చేప ఎవరో ఆడపిల్ల గుసగుస. నాన్ మర్చిపోయింది. ఆ తర్వాతిది ఎప్పుడో చచ్చిపోయిన పొరుగింటి మిసెస్ ఏమస్ తన కుక్కని పిలవడం. నాలుగోది రాళ్ల మీంచి నీళ్లు దిగే చోట పడింది, నల్లటి వీపు, దవడ వంకర తిరిగిన ముసలిది. నాన్ దాన్ని ఆడమ్ మోకాళ్ల దాకా తీసుకొచ్చింది.

"పైకెత్తు... ఆగు... ఆగు... ఇప్పుడు" అంది చేప, ఆడమ్ గొంతుతో.

ఆడమ్ పెదాలు కదిలాయి. చెయ్యి గాలిలో ఆ విసురు విసిరింది. "ఆగు" అన్నాడు. నాన్ కదల్లేదు. "ఆగు, ఆగు. ఇప్పుడు."

అక్కడి నుంచి రోజుకి ఒకటో రెండో దొరికాయి. తన గొంతుతో చేప చెప్పినదాన్ని ఆడమ్ వెంటనే అందుకునేవాడు. ఒకసారి అందుకున్నది మళ్లీ పోలేదు. కాకపోతే అతనికి ఉన్నవి ఏటి మాటలే కాబట్టి వంటింట్లో కూడా వాటితోనే నెట్టుకొచ్చాడు. టీ కావాలంటే "గాలి మళ్లింది" అనేవాడు. వాట్ వస్తే "ఆ రాయి వెనక ఒకడున్నాడు" అని కుర్చీ చూపించేవాడు. నాన్‌కి అన్నీ అర్థమయ్యేవి. ఒక సాయంత్రం ఒక ఆడచేప, ఎప్పుడో ఆడమ్ తనని దెప్పిన గొంతుతో, "నీకంటే మా నాన్ నయమే, అలిగినా సూప్ పెడుతుంది" అంది. నాన్ దాన్ని వదిలేసి, చాలాసేపు దారం చిక్కు తీస్తూ కూర్చుంది. నిజానికి దారం చిక్కు పడలేదు.

అక్టోబరు ఆరున వాన పడి వెలిసింది. ఆల్డర్ చెట్టు వేళ్ల కింద మడుగులో పెద్ద ట్రౌట్ ఉందని ఊరందరికీ తెలుసు. పన్నెండేళ్ల చేప, ఆడమ్ రోజూ దానికెదురుగా కూర్చుని రొట్టె తినేవాడు. అతని మాటలు దాని కడుపులోనే ఎక్కువ ఉంటాయని నాన్ లెక్క. రెండు గంటల పాటు ఏ ఈగా ముట్టలేదు. చివరికి దారం కొస నీటి మీద ఒక్క క్షణం నిలిచింది, ఆమె కర్ర ఎత్తింది. చేప చెట్టు వేళ్లలోకి లాగింది. ఆమె నడుము దాకా దిగి, కర్ర పక్కకి వంచి, లాగకుండా, వదలకుండా పావుగంట సేపు నిలబడింది. ఒడ్డున ఆడమ్ "ఆగు" అని ఒక్కసారి కూడా అనలేదు. అవసరం రాలేదు.

చేప అలిసి చేతుల్లోకి వచ్చింది. నాన్ దాన్ని ఆడమ్ దగ్గరికి తెచ్చి కొక్కెం తీసింది. చేప నోరు తెరిచింది, మూసింది. మళ్లీ తెరిచింది. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అది ఎప్పుడో, ఎవరి చేతిలోనో అన్నీ వదిలేసుకుని ఉంటుంది. నాన్ కాసేపు ఆశగా పట్టుకుంది. తర్వాత ప్రవాహానికి ఎదురుగా తిప్పి వదిలేసింది. బూట్ల నిండా నీళ్లతో రాతి మీద కూర్చుంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"చలేస్తోంది" అన్నాడు ఆడమ్. "ఇంటికెళ్దాం నాన్."

ఆమె తల తిప్పి చూసింది. అతను ఆ ఏటి ఒడ్డున ఇంటికెళ్దాం అన్న మాట ఎన్నడూ అన్నది లేదు. చలేస్తోందని ఒప్పుకున్నదీ లేదు. ఆ మాటలు ఏ చేపా మింగి ఉండే వీల్లేదు.

"ఇంకోసారి అను" అంది.

ఆడమ్ లేచి, కర్ర అందుకుని, దారం చుట్టడం మొదలుపెట్టాడు.

"ఏం, చెవుడా?" అన్నాడు.