రెండు తారీఖుల గోల్‌కీపర్

సమ్రీన్‌కు పుట్టినరోజులు రెండు. అమ్మీ చెప్పే లెక్కలో ఆమె పీర్ల పండుగ అయిపోయిన మూడో నాడు, ముసురు పట్టిన పొద్దున, మహబూబాబాద్ దవాఖానలో పుట్టింది. బడి లెక్కలో అంతకు ఏడాది ముందే, జూన్ పన్నెండున పుట్టింది. జూన్ పన్నెండు బళ్ళు తెరిచే రోజు. గార్ల పక్కనున్న వాళ్ళ ఊరి బడిలో సగం మంది ఆ రోజే పుట్టారు. ఆ రోజు చాక్లెట్లు పంచేవాళ్ళే తప్ప తీసుకునేవాళ్ళు మిగలరని పిల్లలు నవ్వుకునేవారు.

ఆమె ఫుట్‌బాల్ ఆడకపోయి ఉంటే ఇది ఆ నవ్వుతోనే పోయేది.

భూపాలపల్లిలో బొగ్గు లారీల కాంట్రాక్టరు ఒకాయన మొరంచ ఫుట్‌బాల్ క్లబ్ పెట్టాడు. ఆడపిల్లల జాతీయ లీగ్‌లో రెండో డివిజన్ జట్టు అది. డివిజన్‌లో ఆరు జట్లు. ఒక్కో జట్టుతో రెండుసార్లు ఆడాలి, మొత్తం పది మ్యాచ్‌లు. చివరన నిలిచిన జట్టు లీగ్ నుంచి బయటికి పోతుంది. అలా పోతే క్లబ్‌కు తాళం వేస్తానని కాంట్రాక్టరు మొదటి రోజే చెప్పాడు. తాళం పడితే హాస్టల్ ఉండదు, జీతం ఉండదు, పొద్దున్నే ఉడకబెట్టిన రెండు గుడ్లు ఉండవు. ఇరవై మంది పిల్లలు ఎవరింటికి వాళ్ళు పోవాలి.

సమ్రీన్ రెండో గోల్‌కీపర్. మొదటి ఆరు మ్యాచ్‌లు ఆమె బెంచీ మీదే కూర్చుంది. నీళ్ళ సీసాలు నింపింది, బంతులు సంచిలో కట్టింది.

"ఏమే, గోల్‌కీపర్ అంటివి. బెంచీ ఎత్కపోతరని కావలి కాస్తున్నవా?" అనేది రామి. రామి గంగారం అడవి దిక్కు నుంచి వచ్చిన పిల్ల, జట్టులో డిఫెండర్. హాస్టల్‌లో ఇద్దరివీ పక్కపక్క మంచాలు.

ఆరు మ్యాచ్‌లలో జట్టు ఒకటి గెలిచింది, ఒకటి సమం చేసింది, నాలుగు ఓడింది. మొత్తం నాలుగు పాయింట్లు. ఆరో మ్యాచ్‌లో ఇంకో దెబ్బ తగిలింది. ఆ లీగ్‌లో మైదానంలో ఉన్న పదకొండు మందిలో ఎప్పుడూ ఇద్దరు పంతొమ్మిదేళ్ళు నిండనివాళ్ళు ఉండాలి. మొరంచ జట్టులో అలాంటివాళ్ళు సరిగ్గా ఇద్దరే. వాళ్ళలో ఒకమ్మాయి మోకాలు తిరిగి పడిపోయింది. స్ట్రెచర్ మీద ఆమెను తీసుకుపోతుంటే క్లబ్ సెక్రటరీ సాగర్ బెంచీ వైపు నడిచి వచ్చాడు.

"నీకెన్నేండ్లే సమ్రీన్?"

"కాయితంల పందొమ్మిది నిండినయ్ సార్. నిజంగైతే ఇంకా నిండలే."

"గదేంది? మనిషికి రెండు వయసులుంటయా?"

"మా ఊర్ల అందరికుంటయ్ సార్."

సాగర్ నవ్వలేదు. ఎక్కడ పుట్టావని అడిగాడు. నాలుగో రోజుకల్లా మహబూబాబాద్ నుంచి పుట్టుక ధ్రువపత్రం తెప్పించాడు. దవాఖాన రిజిస్టరులో పిల్ల పేరు లేదు. అమ్మీ పేరుతో 'లాల్‌బీ, ఆడపిల్ల' అని మాత్రం ఉంది. పేరు ఇప్పుడు కొత్తగా రాయించారు.

సమ్రీన్ ఆ కాగితాన్ని చాలాసేపు చదువుకుంది. అమ్మీ నోటి మాటగా చెప్పే రోజు అచ్చు అక్షరాల్లో కనిపించడం ఆమెకు అదే మొదటిసారి. ఇంటికి ఫోన్ చేసి చెబితే లాల్‌బీ, "నేను జెప్పలేదా బేటీ? నువ్వు పుట్టిన్నాడు మీ అబ్బ నెత్తిన యూరియా బస్త కప్పుకోని వానల వచ్చిండు. అన్నీ యాదికున్నయ్ నాకు," అంది.

ఏడో మ్యాచ్‌కు కోచ్ కళ్యాణి ఆమెను గోల్‌లో నిలబెట్టింది. "చేతుల సంగతి తర్వాత. ముందు కాళ్ళు కదలాలె," అని ఒక్క మాట చెప్పింది. మొదటి పది నిమిషాలు భయంలో సమ్రీన్‌కు బంతి సరిగా కనిపించలేదు. తర్వాత ఒక బంతి ఎడమ మూలకు నేల మీద దూసుకొచ్చింది. ఆమె పడింది. బంతి వేళ్ళకు తగిలి, స్తంభానికి తగిలి, రామి కాళ్ళ దగ్గర ఆగింది. రామి దాన్ని బలంగా తన్ని, "పోయింది పీడ!" అని అరిచింది. ఆ మ్యాచ్ ఒకటి సున్నాతో గెలిచారు. ఎనిమిదోది గెలిచారు. తొమ్మిదోది పరాయి రాష్ట్రంలో, అక్కడి జట్టుతో. సమ్రీన్ పెనాల్టీ ఆపింది. మ్యాచ్ సమం అయింది. పదకొండు పాయింట్లు. ఇక కింద పడే భయం లేదని అందరూ రైల్లో పాటలు పాడుకుంటూ వచ్చారు.

రైలు కాజీపేట చేరకముందే సాగర్ ఫోన్ మోగింది. పరాయి జట్టువాళ్ళు ఫిర్యాదు చేశారు. మూడేళ్ళ కిందట సమ్రీన్ ఆడిన స్కూల్ ఆటల పోటీల జాబితా వాళ్ళకు దొరికింది. అందులో ఆమె ఫోటో ఉంది. ఫోటో కింద జూన్ పన్నెండు ఉంది.

లీగ్ కమిటీ ఉత్తరం రెండు రోజుల్లో వచ్చింది. బడి తేదీ ప్రకారం ఆమెకు పంతొమ్మిది దాటాయి. దవాఖాన రిజిస్టరులో పేరు లేదు, లాల్‌బీకి ఇద్దరు కూతుళ్ళు. ఇది చెల్లెలు నజియా కాగితం కాదని ఏమిటి నమ్మకం? బడిలో వేసిన తేదీ తప్పని, ఆ తేదీ వేసిన హెడ్మాస్టరు వారం రోజుల్లో రాసివ్వాలి. లేకపోతే కాగితం దొంగదిగా లెక్క.

నజియా ఇంట్లోనే పుట్టింది. ఆమెకసలు కాగితమే లేదు. కానీ లేని కాగితాన్ని ఎవరికి చూపిస్తారు?

ఆ తేదీ వేసింది శ్రీపాల్ సారు. రిటైరై జనగామలో ఉంటున్నాడు. సమ్రీన్ భూపాలపల్లి నుంచి బస్సులో, తండ్రి అబ్బాస్ గార్ల నుంచి రైల్లో జనగామ చేరారు. అబ్బాస్ అంగళ్ళలో గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాడు. కూతురి పని కదా అని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

సారు వాళ్ళను చూసి పొంగిపోయాడు. చాయ్ తెప్పించాడు. పేపర్లో పడిన సమ్రీన్ ఫోటోను కత్తిరించి బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు, అది చూపించాడు. ఆమె సంగతంతా చెప్పాక మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"నువ్వు చేరిన యేడు బడిల తొమ్మిది మందే ఉన్నరు బిడ్డా," అన్నాడు. "ఇరవై మంది లేకుంటే బడి ఎత్తేసి పక్కూర్ల కలుపుతమన్నరు. నడుమ వాగున్నది. ఆడపిల్లలను ఎవరు పంపుతరు? పదకొండు మందికి ఒక్కొక్క యేడు పెంచి కూసోబెట్టిన. అట్ల నిలబడ్డది బడి."

"గదే రాసియ్యండి సార్. నాకు గంతే చాలు," అంది సమ్రీన్.

"నీ ఒక్కదానిదైతే రాస్తుంటి. ఒకటి తప్పని రాస్తే రిజిస్టరంత తీస్తరు. గా పదకొండు మందిల మంగ్యా నిరుడు మిలిట్రీల చేరిండు. నిజం లెక్కేస్తే చేరిననాటికి వానికి పదిహేడు నిండలే. సోమ్లా బిడ్డకు నర్సింగు సీటొచ్చింది. దానిదీ గదే కథ. వాళ్ళనేం చేద్దాం, నువ్వే జెప్పు."

అబ్బాస్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. "మీరు జెప్పిన్రనే నేను దస్తకతు పెట్టిన సార్. చదువు రానోన్ని. మంచికే అన్నరు," అన్నాడు.

"మంచికే అబ్బాస్. చెడ్డకు జేసిన్నా నేను? బడి లేకుంటే నీ బిడ్డ ఇయ్యాల బంతి పట్టునా?"

అబ్బాస్ లేచి నిలబడ్డాడు. సారు భార్య అన్నం తిని పొమ్మంది. వాళ్ళు తినలేదు. స్టేషన్లో తండ్రీకూతుళ్ళు చెరో దిక్కు పోవడానికి విడిపోయేటప్పుడు అబ్బాస్, "నీ ఇష్టం బేటీ. నాకు సమజయితలేదు," అని రైలెక్కాడు.

హాస్టల్ చేరేసరికి సాగర్ ఒక ఉత్తరం తయారు చేసి ఉంచాడు. నా తల్లి లాల్‌బీ సాయంతో చెల్లెలి పుట్టుక కాగితాన్ని నా పేరున మార్చి, క్లబ్‌ను మోసం చేసి చేరాను, అని ఉంది అందులో. కింద సమ్రీన్ సంతకానికి చోటు.

"క్లబ్బును ప్లేయర్ మోసం చేస్తే పాయింట్లు పోవు. నీకు రెండేండ్లు బ్యాన్ పడ్తది, గంతే," అన్నాడు సాగర్. "పెట్టకుంటే నీ మూడు మ్యాచుల ఏడు పాయింట్లు కొట్టేస్తరు. నాలుగే మిగులుతయ్. ఆఖరు మ్యాచ్ గెలిచినా మన పని ఖతం."

"మోసమా? కాయితం తెచ్చింది మీరే గద సార్."

"తెచ్చిన. నువ్వు జెప్తెనే తెచ్చిన."

కళ్యాణి కిటికీ దగ్గర నిలబడి ఉంది. సమ్రీన్ ఆమె వైపు చూసింది. కళ్యాణి ఇటు తిరగలేదు.

ఆ సాయంత్రం రామి మంచం మీద ఎదురుగా కూర్చుంది. "పెట్టవే," అంది. "రెండేండ్లే గదా. నువ్వు మళ్ల ఆడుతవ్. నేను ఇంటికి పోతే మళ్ల రానియ్యరు. మా బాపు పిలగాన్ని చూసి పెట్టుకున్నడు."

"గా కాయితంల మా అమ్మీ పేరున్నది రామీ. దొంగ అని రాసిన్రు."

"భూపాలపల్లిల రాసింది గార్లల ఎవలు సూస్తరు?"

"నేను సూస్తగా."

"నీకు మీ అమ్మ ఎక్కువైంది, మేము తక్కువైనం. మంచిది," అని రామి గోడ వైపు తిరిగి పడుకుంది.

సమ్రీన్ సాగర్ ఉత్తరం మీద సంతకం పెట్టలేదు. మర్నాడు వేరే కాగితం మీద తన చేతిరాతతో రాసింది. నేను పుట్టిన రోజు దవాఖానలో ఉన్నదే, బడిలో చేర్చేటప్పుడు ఒక ఏడు ఎక్కువ వేశారు, మా ఊళ్ళో అది మామూలు, ఎవరినీ మోసం చేయలేదు. ఎవరు వేశారో రాయలేదు. ఎందరికి వేశారో రాయలేదు. మంగ్యా ముఖం, సోమ్లా బిడ్డ ముఖం గుర్తొచ్చి అక్కడ కలం ఆగిపోయింది. నిజం రాస్తే చాలనుకుంది. సగం నిజానికి అబద్ధానికున్నంత బలం కూడా ఉండదని ఆమెకు అప్పటికి తెలియదు.

ఆఖరి మ్యాచ్‌కు ముందు రోజు తీర్పు వచ్చింది. సాక్ష్యం లేదు. ఆమెకు రెండేళ్ళ నిషేధం. జట్టుకు ఏడు పాయింట్ల కోత. తమ పైన నిలిచిన జట్టు పది మ్యాచ్‌లూ ఆడేసింది, దానికి తొమ్మిది ఉన్నాయి. ఇక మొరంచ గెలిచినా ఏడే.

హాస్టల్‌లో ఎవరూ ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండేది. కంచం పట్టుకుని ఆమె కూర్చున్న చోటు నుంచి ఒక్కొక్కరే లేచి అవతలి బల్లకు పోయారు. మధ్యాహ్నం శ్రీపాల్ సారు ఫోన్ చేశాడు. అటూ ఇటూ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగాడు.

"నా పేరేమన్న రాసినవా బిడ్డా?"

"లేదు సార్."

"సల్లంగుండు బిడ్డా. నూరేండ్లు బతుకు."

సమ్రీన్‌కు ఆ దీవెన చెంపదెబ్బలా తగిలింది. "గా యేడు బడి మూసినా బాగుండు సార్," అని ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక, అన్నందుకు ఏడ్చింది. మళ్ళీ ఫోన్ చేయలేదు.

నిషేధం ఉన్నవాళ్ళు బెంచీ మీద కూడా కూర్చోకూడదు. మర్నాడు ఆమె చున్నీ తల మీదుగా కప్పుకుని మైదానం పక్కన మట్టికట్ట ఎక్కి జనం మధ్య కూర్చుంది. ఆ రోజు మొరంచ జట్టు ఆడినంత బాగా ఆ సీజన్‌లో ఎన్నడూ ఆడలేదు. పోయేదంతా పోయాక కాళ్ళకు బరువు తగ్గినట్టుంది. రామి సగం మైదానం బంతిని తీసుకెళ్ళి తనే కొట్టింది. అది ఆమె మొదటి గోల్. ఎవరూ ఆమె మీద పడి కౌగిలించుకోలేదు. ఆమె వెనక్కి తిరిగి తన చోటుకు నడిచి వచ్చింది. మూడు సున్నాతో గెలిచారు. ఈల మోగగానే గడ్డిలో కూలబడ్డారు.

సమ్రీన్ పక్కన పల్లికాయ తింటున్న ముసలాయన పొట్టు ఊదుతూ అన్నాడు. "ఎంత మంచిగాడిన్రు పిల్లలు! గా గార్ల పిల్ల ముంచింది వీళ్ళను. దొంగ కాయితం పెట్టిందట. తల్లీబిడ్డలు కలిసి చేసిన్రట."

మైదానంలోంచి రామి బూట్లు చేత్తో పట్టుకుని కట్ట వైపే వస్తోంది. సమ్రీన్‌ను చూసింది. చూసి, దారి మార్చి అవతలి గేటు వైపు పోయింది.

"గార్లోళ్ళను నమ్మొద్దు," అన్నాడు ముసలాయన. అంతలో ఆమె ముఖం చూసి, "ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా? ఆటనే గదా. నీదేవూరు?" అన్నాడు.

సమ్రీన్ చున్నీ అంచుతో ముఖం తుడుచుకుంది.

"మరిపెడ," అంది.

"మరిపెడోళ్ళు మంచోళ్ళు," అని ఆయన పొట్లం ఆమె ముందుకు చాపాడు. వద్దంటే ఇంకేమడుగుతాడోనని ఆమె నాలుగు కాయలు తీసుకుంది.