లేని సంచికి వాపు

మూడో సీసా నీళ్ళు కూడా కత్తెరక్క కడుపులో పడ్డాయి. పొత్తికడుపు డోలులా బిగిసింది.

"ఇంకా తాగాలమ్మా," అంది కౌంటర్లో అమ్మాయి, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే. "నిండా ఉంటేనే లోపలిది కనపడేది. నంబరు పిలిచేదాకా బాత్రూంకి వెళ్ళకండి."

"ఆపుకోవడం మాకు నేర్పకు తల్లీ," అంది కత్తెరక్క. "ఆ విద్యలో మేం పండితులం."

బల్లల మీద కూర్చున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నవ్వితే ఎక్కడ జారిపోతుందోనని వెంటనే మోకాళ్ళు దగ్గరికి నొక్కుకున్నారు. సగంమంది చొక్కాల ఫ్యాక్టరీ వాళ్ళే. అక్కడ నూట నలభై మంది ఆడవాళ్ళకి రెండు మరుగుదొడ్లు. వెళ్ళాలంటే సూపర్‌వైజరు దగ్గర చీటీ అడగాలి. ఆయన గడియారం చూస్తాడు, అడిగినదాన్ని ఎగాదిగా చూస్తాడు, ఆ తర్వాత ఇస్తే ఇస్తాడు. అంతకంటే నీళ్ళు తాగకుండా ఉండటమే తేలిక. అందుకే ఎండలు ముదిరేసరికి ఒక్కొక్కరికీ మూత్రంలో మంట మొదలవుతుంది. మంట అని ఈ స్కానింగ్ సెంటరుకి వస్తారు. గర్భసంచి తీయించుకుని పోతారు.

కత్తెరక్క కూడా ఎనిమిదేళ్ళ కిందట అలాగే తీయించుకుంది. అప్పటికామెకి ఇరవై ఆరు.

కుట్టిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించి, వంకలున్న పీసుల్ని ఏరి పక్కన పడెయ్యడం ఆమె పని. చేతిలో ఒక కత్తెర, నోట్లో ఒక కత్తెర అని లైన్లో వాళ్ళు పెట్టిన పేరది. ఆపరేషన్ తర్వాత నోట్లో కత్తెర ఒక్కటే పదునుగా మిగిలింది. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి కమ్ముతుంది. మోకాళ్ళు మొరాయిస్తాయి. ముప్పై నాలుగేళ్ళకే మెట్లెక్కడానికి గోడ పట్టుకోవాలి. అయినా ఇన్నేళ్ళూ ఆమె ఈ స్కానింగ్ డాక్టరుని ఒక్క మాట అనలేదు. సరికదా, ఎదురుపడితే దణ్ణం పెట్టేది. "సమయానికి చూశాడు కాబట్టి బతికాను, లేకపోతే క్యాన్సరయ్యేది," అని లైన్లో అందరికీ చెప్పేది. చెప్పి ఊరుకుందా? మంట అన్నవాళ్ళని చెయ్యి పట్టుకుని తనే తీసుకొచ్చేది. అలా తెచ్చినవాళ్ళు పదకొండు మంది. పన్నెండోది ఇప్పుడు పక్కనే కూర్చుని గోళ్ళు కొరుకుతోంది, తోడికోడలు.

"అక్కా, నాకు భయంగా ఉంది."

"నీకెందుకే భయం? స్కానింగ్ నాకు."

"నువ్వేం చేస్తావోనని."

"నేనేం చేస్తాను, పడుకుంటాను. చేసేదంతా వాళ్ళే."

తోడికోడలికి ఇరవై మూడు. నాలుగేళ్ళ పాప ఉంది, ఇంకో బిడ్డని కనాలని ఆశా ఉంది. పోయినవారం ఇక్కడే తీసిన స్కానింగులో గడ్డ ఉందన్నారు, సంచి తీసెయ్యాలన్నారు. రేపు పొద్దున ఏడింటికి పక్కసందు నర్సింగ్ హోమ్‌లో బెడ్డు. మొగుడు సెలవు కూడా పెట్టేశాడు.

ఆ కాగితమే ఆదివారంనాడు కత్తెరక్క కంట్లో పడింది. ఎందుకో మనసు పీకి, పెట్టె అడుగునున్న తన పాత కాగితం తీసింది. శాంపిల్ మీద పీసు పరిచి చూసినట్టు రెండిటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతుర్లోకి పట్టింది. గడ్డ కొలత నాలుగు పాయింట్ రెండు, మూడు పాయింట్ ఎనిమిది. రెండిట్లోనూ అదే. బొమ్మ కూడా అదే. బొమ్మలో తెల్లటి గుర్తులు కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. చెయ్యి తిరిగిన దర్జీ కూడా రెండు చొక్కాలు అంత సరిగ్గా కత్తిరించలేడు.

మరిదికి చూపిస్తే నవ్వేశాడు. "ఒకే ఇంట్లో తిన్నవాళ్ళకి ఒకే జబ్బు రాకూడదా వదినా? దారాలు ఏరినట్టు డాక్టర్ల తప్పులు ఏరకు."

సంచి పోయిన బాధ ఎప్పుడో మొద్దుబారింది. దణ్ణం పెట్టిన చేతులు మాత్రం ఆ రోజునుంచీ మండుతూనే ఉన్నాయి. ఇవాళ ఒక రోజు కూలి వదులుకుని, మూడు రోజుల కూలి కౌంటర్లో కట్టి, తోడికోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. అడిగినదానికి అబద్ధం చెప్పకూడదని, అడగనిదానికి నోరు విప్పకూడదని దారిలోనే గట్టిగా అనుకుంది. ఒక్కటే గుబులు. ఒకవేళ వాళ్ళు బుద్ధిగా చూసి, ఈమెకి సంచే లేదని నిజం రాసేస్తే? అప్పుడు చిన్నదాని కాగితం కూడా నిజమే అయిపోతుంది. రేపు ఏడింటికి బెడ్డు ఖాయం. లోకంలో అందరూ డాక్టరు మంచివాడు కావాలని మొక్కుకుంటారు. దేవుడా, ఈ ఒక్కసారికి వీడు దొంగే కావాలని మొక్కుకుంది కత్తెరక్క.

నంబరు పిలిచారు.

లోపల డాక్టరు చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, కొత్తింటికి వెయ్యాల్సిన బండల గురించి బేరమాడుతున్నాడు. జెల్ చల్లగా పడింది. పరికరం పొత్తికడుపు మీద అటొకసారి ఇటొకసారి జారింది. పాత కోత మచ్చ మీదుగానే పోయింది, రోడ్డు మీద గుంత ఎక్కిదిగిన బండిలా.

"ఏం బాధ?"

"మూత్రంలో మంటండీ."

"నెలసరి?"

"రావట్లేదండీ."

ఎందుకు రావట్లేదో, ఎప్పట్నించి రావట్లేదో అడుగుతాడని ఊపిరి బిగబట్టింది. అతను ఫోనులోకి, "తెల్లవి వద్దు, మరకలు కనపడతాయి," అన్నాడు.

"గర్భసంచి ఎలా ఉందండీ?" తనే అడిగింది.

"వాపుంది. రిపోర్టులో రాస్తాం. లే."

కోపమా, సంతోషమా తేల్చుకోలేకపోయింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని పళ్ళతో ఆపింది. నోటిమాట గాలికి పోతుంది, కాగితం మీద పడనీ.

బయటికి రాగానే కౌంటర్లో అమ్మాయి, "ఇక బాత్రూంకి వెళ్ళొచ్చమ్మా," అంది.

"తొందరేం లేదు," అని మళ్ళీ వచ్చి కూర్చుంది.

పావుగంటకి కవరు చేతికొచ్చింది. "నర్సింగ్ హోమ్‌లో ఇవాళే మాట్లాడుకోండి, బెడ్లు అయిపోతున్నాయి," అంది అమ్మాయి.

కత్తెరక్క కవరు తోడికోడలి ఒళ్ళో పెట్టింది. "పదో తరగతి చదివావుగా. గట్టిగా చదువు."

"ఇక్కడా?"

"ఇక్కడే."

చిన్నది గొంతు సవరించుకుంది. "మూత్రాశయం... మామూలుగా ఉంది. గర్భసంచి వాచి ఉంది. లోపల గడ్డ, నాలుగు పాయింట్ రెండు, మూడు పాయింట్ ఎనిమిది. గర్భసంచి తొలగించడం మంచి..." చదవడం ఆపింది. కాగితం మీంచి కళ్ళెత్తి కత్తెరక్క వైపు చూసింది. "అక్కా, నీకు..."

"నాకు?"

"నీకు లేదు కదక్కా. తీసేశారు కదా."

మూల బల్ల మీద నీళ్ళ సీసా పట్టుకున్న ముసలమ్మ నెమ్మదిగా మూత బిగించింది.

"బాగుందమ్మా," అంది. "కూలిపోయిన కొంపకి అద్దె వసూలు చేసినట్టుంది."

ఎవరూ నవ్వలేదు. ఒకామె సంచీలోంచి తన కాగితం బయటికి తీసింది. పక్కామె ఒంగి అందులో అంకెలు చూసింది, తన కాగితం కోసం తడుముకుంది.

కౌంటర్లో అమ్మాయి గబగబా ఇవతలికి వచ్చింది. "కంప్యూటర్లో తప్పు పడి ఉంటుంది. ఇటివ్వండి, మార్చి ఇస్తాను."

కత్తెరక్క కాగితం మడిచి రవికలో దోపుకుంది. "తప్పు పీసు వెనక్కిస్తే మళ్ళీ మంచివాటిలో కలిపేస్తారు. మా టేబుల్ మీద రోజూ చూస్తాను తల్లీ."

తలుపు తీసుకుని డాక్టరు బయటికొచ్చాడు. "ఏమిటమ్మా గొడవ? లోపలికి రండి, మాట్లాడుకుందాం."

"వస్తాను. తలుపు మాత్రం వెయ్యకూడదు."

లోపలికి నడిచింది. ఆమె వెనకే చిన్నది, వాళ్ళ వెనక ఒక్కొక్కరే, కడుపులు పట్టుకుని ఆడవాళ్ళందరూ. కత్తెరక్క బల్ల ఎక్కి పడుకుని, చీర కుచ్చిళ్ళు కిందికి జరిపి, మచ్చ అందరికీ కనపడేలా పెట్టింది.

"చూపించు," అంది.

'అండీ' ఎగిరిపోయిందని అందరికంటే ముందు డాక్టరే గ్రహించాడు. ముఖం ఎర్రబడింది. "టైపు చేసేవాళ్ళ పొరపాటు. నీ డబ్బు వాపసు ఇప్పిస్తాను, పో."

"డబ్బు సరే. టైపు చేసినవాళ్ళు ఇందాక ఈ గదిలో లేరుగా. నోటితో అడిగితే వాపుందన్నావు. నువ్వు తీయించిందే మళ్ళీ మొలిచిందేమో, ఎవరికి తెలుసు? కడుపు నిండుగానే ఉంది, బాగా కనపడుతుంది. ఎక్కడుందో చూపించు. నా సంచి నాకు కనపడిందంటే, రేపు పొద్దున నేనే నా చెల్లెల్ని తెచ్చి నీకు అప్పజెబుతాను."

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలువు. టీవీలో బొమ్మ వాళ్ళూ చూస్తారు. నువ్వు చూపించకపోయినా నాకు తొందర లేదు. నీ దగ్గరికి చెయ్యి పట్టుకుని పదకొండు మందిని తెచ్చాను. ఆ చెయ్యే పట్టుకుని మళ్ళీ ఒక్కొక్కదాన్నీ తెస్తాను. ఒక్కొక్కదాన్నీ ఈ బల్లమీదే పడుకోబెడతాను. ఒక్కొక్కదానికీ చూపించుదువుగాని. నువ్వు ఆ కొత్తింట్లో గృహప్రవేశం ఎలా చేస్తావో నేనూ చూస్తాను."

డాక్టరు తలుపు వైపు చూశాడు. గుమ్మంలో సందు లేదు. ముసలమ్మ ముందుకొచ్చి తలుపు చట్టం పట్టుకుని నిలబడింది.

చిన్నది అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉంది. చేతిలో ఫోను మోగింది. మొగుడు. రేపటి సంగతి అడగడానికే అయ్యుంటుంది. ఆమె దానివైపు చూసి, మోగుతున్నదాన్ని అలాగే బల్ల అంచున బోర్లా పెట్టేసింది. జెల్ సీసా అందుకుంది. అక్క మచ్చ మీద వంచి గట్టిగా పిండింది.

"పెట్టండి," అంది డాక్టరుతో.

పరికరం అందుకోబోయిన డాక్టరు చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. గుమ్మంలో ఉన్న కళ్ళన్నీ తెరవైపు తిరిగాయి. తెర మీద ఇంకా ఏ బొమ్మా లేదు. బూడిదరంగు వెలుతురు ఒక్కటే కత్తెరక్క ముఖం మీద పడుతోంది. ఆమె రెప్ప వెయ్యడం లేదు.