రోశమ్మ ఆటకు జీతం

మాచర్ల దగ్గరి రాతి క్వారీలో ఆడవాళ్ళు చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి, తలమీద రాళ్ళు మోయడం రోజూ కనబడేదే. ఊరి మునసబు సుందరరావు కొత్త ఇంటికి రాళ్ళు అలాగే వచ్చాయి. ఆయన చెట్టునీడన మంచం వేసుకుని, దగ్గరుండి మోయించుకున్నాడు. అందులో తప్పు ఆయనకు గాని, ఊరికి గాని కనిపించలేదు.

ఆ మోసినవాళ్ళలో రోశమ్మ ఒకతె. భర్త పోయాక మరిది సాంబయ్య ఇంట్లో ఉంటోంది. 1945లో క్వారీ దొరలు తమ కాలక్షేపానికి ఊరి బయట గోల్ఫ్ మైదానం చదును చేయించారు. పొడవాటి కర్రతో చిన్న బంతిని కొట్టి, దూరాన ఉన్న గుంటలో పడేసే ఆట అది. మేనేజరు భార్య మార్గరెట్ పెళ్ళికి ముందు తన దేశంలో ఆ ఆట ఆడి, నేర్పి బతికిన మనిషి. ఆడది డబ్బుకు ఆడుతుందా అని అక్కడా ఆమెను ఈసడించుకున్నారట. బంతులు ఏరే పనికి వచ్చిన రోశమ్మ సరదాకి కొట్టిన దెబ్బ చూసి, మార్గరెట్ ఆమెకు ఏడాదిపాటు ఆట నేర్పింది. తర్వాత ఆఫీసర్ల భార్యలకు నేర్పే ఉద్యోగం ఇప్పించింది.

గుంటూరు నుంచి దొరలు వచ్చిన రోజు రోశమ్మ వాళ్ళతో పోటీకి నిలబడింది. ఊరంతా చూడవచ్చింది. ఆమె కొట్టిన బంతి అందరి బంతులనూ దాటిపోయింది. దొరసానులు చప్పట్లు కొట్టారు. సుందరరావు కాండ్రించి ఉమ్మేశాడు.

“ఛీ! మొగోళ్ళ ముందర చీర ఎగ్గట్టి గంతులా? పైగా దానికి జీతమా? ఒరేయ్ సాంబయ్యా, దీన్ని ఆపుతావా, మిమ్మల్ని ఊరి బావికి రానీకుండా చెయ్యమంటావా?”

సాంబయ్య రోశమ్మ దగ్గరికి పరుగెత్తాడు. “వదినా, ఆ కర్ర పారేసి రేపట్నుంచి రాళ్ళ పనికే పో. చానా సిగ్గుచేటుగా ఉంది” అన్నాడు.

రోశమ్మ కర్ర పారేయకుండానే సుందరరావు వైపు తిరిగింది.

“మీ ఇంటికి రాళ్ళు మోసినప్పుడూ చీర ఇట్టాగే కట్టినా మునసబుగారూ. మంచమేసుకోని చూస్తిరే! అప్పుడు రాని సిగ్గు ఇప్పుడొచ్చిందేంది?”

ఆ సాయంత్రమే సాంబయ్య ఆమె బట్టలమూట వీధిలో పడేశాడు. ఊళ్ళో సగంమందికి పురుడు పోసిన జైనాబ్ బీ ఆ మూట ఎత్తుకుని, రోశమ్మను తన ఇంటికి తీసుకుపోయింది.

మర్నాడు రోశమ్మ మైదానానికి బయల్దేరుతుంటే సుందరరావు నలుగురిని వెంటబెట్టుకుని గుమ్మం ముందుకొచ్చాడు. జైనాబ్ బీ అడ్డు నిలబడింది.

“ఆడదాని నడుం విరిగితే మీకు పరువా? దాని పనితనానికి జీతమొస్తే పరువు తక్కువా? థూ! నా గుమ్మం తొక్కొద్దు, పొండి!”

రోశమ్మ వాళ్ళ మధ్యనుంచే పనికి నడిచిపోయింది. చదువరులారా, ఆడదాని చాకిరీ అనుభవిస్తూ, ఆమె ప్రతిభకు ప్రతిఫలం దక్కితే మాత్రం ముక్కు మూసుకునే పరువుకన్నా కంపు కొట్టేది లోకంలో మరొకటి లేదు.