చేప కన్ను

పద్నాలుగో మెట్టు దగ్గర ఆమె చెప్పులు విప్పేసింది. అక్కడినుంచి కిందికి పాచి. ఎడమచేత్తో గొలుసు పట్టుకుని, కుడిచేతిలో బ్రష్షుతో, దిగువ అరుగు మీదికి దిగింది. అరుగు చివర, నీటి అంచున, రాతి స్తంభం. దానికి వరసగా ఇనప పలకలు, పలకల మీద నీటిమట్టం అంకెలు. మోకాళ్ళ మీద కూర్చుని వంగి, పలక మీది బురద తోమింది. మూడు అలలు పోనిచ్చి, నాలుగోది వెనక్కి తగ్గినప్పుడు చూసింది. అయిదు మీటర్ల ఇరవై. ఉదయం ఎనిమిది గంటలు.

పుస్తకంలో రాయబోయి ఆగింది.

స్తంభం పక్క గోడకు పడవలు కట్టే ఇనప కడియం ఉండాలి. కనబడలేదు. నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమితే వేళ్ళకు తగిలింది.

కడియం మునిగిందంటే అయిదు నలభై. ఆ మాట తండ్రి చెప్పాడు. ఆయన ఇరవై ఆరేళ్ళు ఈ స్తంభం దగ్గర ఇదే ఉద్యోగం చేశాడు. ఆమెకిది ముప్పై ఒకటో ఏడు. ఇన్నేళ్ళలో కడియం అబద్ధమాడలేదు, పలకా ఆడలేదు. ఇక ఆడేవి తన కళ్ళే. నిన్నా మొన్నా సెలవు పెట్టి వెళ్ళింది వాటికోసమే. శుక్లాలు మొదలయ్యాయన్నాడు డాక్టరు. ఇంట్లో కూతురికి చెప్పలేదు, ఆఫీసులో అసలే చెప్పలేదు.

పలక చెప్పిందే రాసి, పైకెక్కింది.

గట్టు మీద అప్పుడే సందడి. ఊరు తన నదికి చేసుకుంటున్న బొమ్మల పండుగ. రేవు గోడలకు బొమ్మలు, వంతెన కమ్ములకు కాగితపు పడవలు. సాయంత్రం నాలుగింటికి నూట ఇరవై మంది దిగువ అరుగు మీద నిలబడి, ఇళ్ళనుంచి తెచ్చిన పాత బట్టల్ని కలిపి కుట్టిన నీలం గుడ్డ పట్టుకుని ఊపుతారు. అది నది అన్నమాట. కుట్టిన వాళ్ళలో కూతురు ఒకతె. మొదటి వరసలో నిలబడేదీ తనే.

"ఈలమ్మత్తా, ఇవాళ మాత్రం ఊదకు! నా కొట్టు ఖాళీ అయిపోతుంది," అన్నాడు టీ కొట్టతను. పక్కనున్న ఇద్దరు నవ్వారు.

ఆమె కూడా నవ్వింది. చేత్తో మెళ్ళోని ఈల తడుముకుంది.

నీళ్ళు ఆరు మీటర్లు తాకితే ఈల ఊది అరుగు ఖాళీ చేయించాలని నియమం. నాలుగేళ్ళ కిందట ఒక మంచు పొద్దున పలక సరిగా కనబడక, అనుమానంతో ముందే ఊదింది. రేవులో సంత సంతంతా గట్టెక్కింది. నీళ్ళు రాలేదు. ఆఫీసునుంచి మెమో వచ్చింది. ఈలమ్మ అన్న పేరు మిగిలింది. ఆ నెలంతా కూతురు ఆమెతో కలిసి బజారుకు రాలేదు.

పదకొండింటికి మళ్ళీ దిగింది. స్తంభం దగ్గర రంగులమ్మాయి ఉంది. స్తంభం పొడుగునా చేపను వేసింది ఆ అమ్మాయే. చిన్న కుంచెతో పొలుసులు దిద్దుతోంది. పలక అయిదు ముప్పై అయిదు అంది.

"ఈ పలకల్ని గాని కదిపావా తల్లీ?"

"తీసి, వెనక రంగేసి, మళ్ళీ బిగించాం పెద్దమ్మా, మొన్న. పాడు చెయ్యలేదు, చూసుకోండి."

"ఎక్కడివక్కడే బిగించారా?"

అమ్మాయి కుంచె కడుక్కుంటూ చెప్పింది. "ఆరు సరిగ్గా కన్ను మీదికొచ్చింది. చేప గుడ్డిదైపోతుంది కదా! అందుకని అన్నిటినీ ఒక్క జానెడు పైకి జరిపాం. వరస మాత్రం తప్పలేదు."

తప్పు తన కళ్ళది కాదు. ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. మరుక్షణం వెనక్కి తిరిగి మెట్లవైపు చూసింది.

ఆరు దాటితే నీళ్ళు నదివైపునుంచి రావు. అరుగుకూ మెట్లకూ మధ్య పాత తూము కాలవ ఉంది. పైన రాతిబల్లలు పరిచారు. నది ఆరు దాటితే తూములోంచి నీళ్ళు ఎదురెక్కి ఆ బల్లల్ని లేపేస్తాయి. ఎదురుగా నది, వెనక నది. ఆమె తొమ్మిదేళ్ళప్పుడు చూసింది. బట్టలుతుకుతున్న అక్కచెల్లెళ్ళిద్దరు అరుగు మీద ఉన్నారు. తండ్రి పై మెట్టునుంచి గొలుసు విసిరాడు. అందలేదు.

ఇంజినీరుకు ఫోన్ చేసింది.

"జానెడు తేడానా? ఎవరు కొలిచారు?"

"కడియం మునిగింది సార్."

"కడియం రిపోర్టులో రాస్తామా అమ్మా? రేపు మనిషిని పంపిస్తాను. ఇవాళ్టికి పలక ఎంతంటే అంతే. ఈల జోలికి మాత్రం వెళ్ళకండి. మంత్రిగారొస్తున్నారు."

ఒంటిగంటకు అయిదు యాభై. మూడింటికి అయిదు అరవై రెండు. ప్రతిసారీ మనసులో జానెడు కలుపుకుంది. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. నీళ్ళ రంగు మారింది. ఎగువన ఎక్కడో వాన.

నాలుగింటికి డప్పులు మోగాయి. నూట ఇరవై మంది అరుగు మీదికి దిగారు. ముసలివాళ్ళున్నారు, చంకలో పిల్లలతో వచ్చినవాళ్ళున్నారు. కూతురు మొదటి వరసలోంచి చెయ్యూపింది. పలక అయిదు డెబ్భై అయిదు. అంటే ఆరుకు బొటనవేలెడు తక్కువ.

ఊదితే, నీళ్ళు రాకపోతే, ఉద్యోగం ఉండదు. కూతురు ఈ ఊళ్ళో తలెత్తుకోలేదు. ఊదకపోతే?

ఊదింది. ఊపిరి చాలినంతసేపు ఊదింది.

డప్పులు ఆగాయి. జనం గొణుక్కుంటూ, గుడ్డను చుట్టలు చుట్టుకుంటూ మెట్లెక్కారు. అందరికంటే చివర కూతురు వచ్చింది. మొహం కందిపోయి ఉంది.

"అమ్మా, మళ్ళీనా? ఇవాళైనా..."

పండుగ నిర్వాహకుడు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఏదమ్మా నీళ్ళు? అరుగు పొడిగా ఉంది. మీ పలకే ఆరు కాలేదంటోంది. పది నిమిషాలు! పది నిమిషాల్లో ఊపేసి ఎక్కేస్తారు." జనంవైపు తిరిగి చప్పట్లు కొట్టాడు. "దిగండి దిగండి!"

ముందున్నవాళ్ళు ఒక మెట్టు దిగారు.

"ఆగండి," అంది ఆమె. "ఆరెక్కడో గీసి చూపిస్తాను. గీతను నీళ్ళు తాకలేదంటే మీ ఇష్టం. నేనే ఇంటికెళ్ళిపోతాను."

రంగులమ్మాయి బల్ల మీది తెల్లరంగు డబ్బా, కుంచె తీసుకుంది. మెళ్ళోని ఈల తీసి కూతురి చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకో. ఎవర్నీ దిగనివ్వకు."

"నాకెందుకమ్మా ఇది?"

"పట్టుకోవే."

పద్నాలుగో మెట్టు దగ్గర చెప్పులు విప్పింది. గొలుసు పట్టుకుని దిగింది. రాతిబల్లలు దాటేటప్పుడు పాదాల కింద తడి చల్లగా తగిలింది. వెనక్కి చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని వంగింది. జానతో కొలిచి చూసుకుంది. ఆరు పలకకు జానెడు కింద, చేప కన్ను. కనుపాప మీద కుంచె పెట్టింది. చెయ్యి వణికింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుంది.

గట్టు మీదివాళ్ళకు ముందు చప్పుడు వినిపించింది, రాయి రాయితో ఒరుసుకున్నట్టు. ఆమె వెనక ఒక బల్ల పైకి లేచి, పక్కకు పడింది. తర్వాత రెండోది. కూతురు ఈల నోట్లో పెట్టుకుని ఊదింది. ఆమె తలెత్తింది. కూతురివైపు చూసి, దిగొద్దన్నట్టు కుంచె ఉన్న చెయ్యి అడ్డంగా ఊపింది.

ఈల చాలాసేపు మోగింది. ఒక్కరు కూడా దిగలేదు. అరుగు ఉన్న చోట నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. నీలం గుడ్డ మెట్ల మీద చుట్టలుగా పడి ఉంది.

నాలుగో రోజుకి నది తగ్గింది. ఇంజినీరు పంపిన మనిషి టేపు పట్టి కొలిచి, పలకల్ని జానెడు కిందికి దించాడు. ఆరో పలకను మాత్రం బిగించలేదు. అది ఉండవలసిన చోట, చేప కనుపాప మీదుగా, రెండంగుళాల తెల్లగీత ఉంది. మొదలు కాస్త వంకర, తర్వాత తిన్నగా. చివర కుంచె వెంట్రుక ఒకటి రంగులో అతుక్కుని, అలాగే ఎండిపోయింది.